తవుడుకు వదిలిన జాగా

నేను రైసు మిల్లులకు సామాను చేసే మనిషిని. మిర్యాలగూడలో నాకొక లేత్ షాపు ఉంది. షాఫ్టులు, బుష్‌లు, రోలర్లు, పుల్లీలు, వడ్లు బియ్యం కావాలంటే ఏది తిరగాలో అది నా చేతిలో తయారవుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే పని. ఇంతవరకు ఏ మిల్లు వాడూ నా సామాను వాపసు తెచ్చి నా ముందు పడేయలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, ఉన్నదే చెప్తున్నాను. అలాంటి నేను ఒక సినిమా కెమెరా చేశాను. ఫోన్లో ఉండేది కాదు, కార్డు పెట్టేది కాదు, ఫిల్ము రీలు తిరిగే అసలు కెమెరా. దాన్ని చెడగొట్టింది కూడా నేనే. ఆ సంగతి దాచిపెట్టి మిగతాది రాస్తే అది రాత కాదు, ప్రచారం.

దీనికంతటికీ మూలం మా బావ, అంటే మా అక్క భర్త. ఇద్దరూ కోదాడలో ఉంటారు. బావ ముప్పై రెండేళ్లు హైదరాబాదులో సినిమా వాళ్లకు కెమెరాలు కిరాయికిచ్చే ఒక కంపెనీలో మెకానిక్‌గా చేశాడు. కెమెరా ఎక్కడికి పోతే ఆయనా అక్కడికి పోవాలి. ఎండలో గొడుగు పట్టేది కెమెరాకు, ఆయనకు కాదు. విప్పాలి, తుడవాలి, నూనె చుక్క వేయాలి, ఫిల్ము ఎక్కించాలి, దించాలి. కానీ అన్నేళ్లలో ఒక్కసారి కూడా అందులో కన్ను పెట్టి బటన్ నొక్కలేదు. అది కెమెరామన్ పని. మెకానిక్ నొక్కితే ఊరుకోరు. జీవితమంతా పెళ్లిళ్లలో వంట చేసి, ఒక్క పంక్తిలోనూ కూర్చోని మనిషి లాంటివాడు మా బావ.

పెళ్లైన కొత్తలో ఆయన అక్కకు మాటిచ్చాడు, "నిన్నొకసారి ఫిల్ము మీద తీస్తాను" అని. అక్కకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఇప్పుడు అరవై దాటింది. ఇంట్లో కూర మాడినా, మోటారు ఆపడం మరిచిపోయి ట్యాంకు పొంగినా, తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వస్తుంది. "నీ మాటకేమన్న విలువుందా? నన్ను సినిమాల తీస్తనన్నవ్, తీసినవా?" అంటుంది.

నేను ఒకసారి ఉండబట్టలేక అన్నాను: "ఫోన్ల తియ్యరాదు బావా, రెండు నిమిషాల పని. నీతోని కాకుంటే నేను తీస్త."

అక్క నన్ను కొరకొర చూసింది. "ఫోన్ల అందరు తీస్తరు. మొన్న కూరగాయలాయన గూడ తీసిండు. ఈయన తియ్యాలె. ఈయన కెమెరతోని తియ్యాలె. మాటిచ్చింది ఈయన, కూరగాయలాయన కాదు."

అదీ న్యాయమే. కానీ ఫిల్ము కాలం అయిపోయింది. కంపెనీ మూతబడింది. కెమెరాలు కొన్ని పాత సామాన్ల వాళ్లకు పోయాయి, కొన్ని హోటళ్లలో షోకుకు పెట్టుకోవడానికి పోయాయి. ఆఖరి రోజున ఒక పెద్ద కెమెరామన్ బావను పిలిచి, వాడని ఫిల్ము డబ్బా ఒకటి చేతిలో పెట్టాడట. నాలుగు వందల అడుగులు. తిప్పితే నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. బావ ఆ రేకు డబ్బాను కోదాడ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు, చల్లగా ఉంటే పాడవ్వదని. ఏళ్ల తరబడి అది పెరుగు గిన్నె పక్కనే ఉంది. అక్క దాని మీద కరివేపాకు పెట్టినప్పుడల్లా ఇంట్లో చిన్న యుద్ధం.

ఇక అసలు పరేషాన్ ఏమిటంటే, రెండేళ్ల కింద బావ కుడి చెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే తెలిసేది. ఖమ్మం దవాఖానలో చూపిస్తే, మందులు వాడండి, ఆగొచ్చు, పెరగొచ్చు, చెప్పలేం అన్నారు. పెద్ద డాక్టర్లు ఇంత చక్కగా చెప్పకుండా చెప్పడం ఎక్కడ నేర్చుకుంటారో! తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ నాతో ఒక్కమాట అన్నాడు: "చెయ్యి మొత్తం పోకముందే మీ అక్కను తీయాలయ్యా." నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు బావంటే ప్రాణం. అది ఆయన ముందు ఎప్పుడూ ఒప్పుకోను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

అప్పుడే సూర్యాపేట నుంచి ఒక అమ్మాయి కోదాడ వచ్చింది. పంతుళ్ల ఇంటి పిల్ల, సినిమా కాలేజీలో కెమెరా చదువుకుంది. చివ్వెంల దగ్గరి పల్లెల్లో ఒక చిన్న సినిమా తీయాలని, అదీ ఫిల్ము మీదే తీయాలని పట్టుబట్టింది. ఎక్కడో పాత కెమెరా సంపాదిస్తే, మొదటి రోజే లోపల ఒక ముక్క విరిగింది. హైదరాబాదులో ఎవరిని అడిగినా, కోదాడలో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయన వల్ల కాకపోతే ఇక ఎవరి వల్లా కాదు అన్నారట. బరువైన పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది పాపం.

బావ విప్పి చూశాడు. "దీనికి స్పేరు లేదమ్మా. ఇంకో కెమెరాను చంపి దీన్ని బతికించాలి. ప్రపంచంలో ఇప్పుడు అందరూ చేసేది అదే" అన్నాడు.

"అయితే కొత్తది ఎందుకు చెయ్యరు అంకుల్ ఎవరూ? ఇప్పుడు ఇంకా మంచి మెషిన్లు ఉన్నయి కదా" అంది ఆ పిల్ల.

అక్క చెప్పింది, ఆ మధ్యాహ్నం బావ అన్నం కూడా సరిగా తినలేదని. మూడు గంటలకు నాకు ఫోను.

"ఏం బామ్మర్దీ, ఖాళీగా ఉన్నావా?"

"సీజన్ బావా. మిల్లులన్నీ నా నెత్తి మీద కూసున్నయి. ఎట్ల ఖాళీ ఉంట?"

"అయితే ఖాళీ చేసుకో. కెమెరా చేద్దాం."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం మా బావ. మరుసటి రోజు విరిగిన కెమెరాతో సహా నా షాపులో దిగాడు. బెంచీ మీద గుడ్డ పరిచి, లోపలి భాగాలు ఒక్కొక్కటే చూపించాడు. నేను భయపడినంత మాయ ఏమీ లేదందులో. కుట్టుమిషన్ ఉంది కదా, సూది పైకి లేచినప్పుడు బట్ట ముందుకు జరుగుతుంది, సూది దిగినప్పుడు ఆగుతుంది. ఇదీ అంతే. ఒక కొక్కెం ఫిల్ము అంచున ఉన్న చిల్లుల్లో దూరి కిందికి లాగుతుంది. లాగగానే ఒక సన్నని పిన్ను ఇంకో చిల్లులోకి వచ్చి ఫిల్మును కదలకుండా పట్టుకుంటుంది. అప్పుడు వెలుతురు పడుతుంది, బొమ్మ పడుతుంది. మళ్లీ లాగడం. సెకనుకు ఇరవై నాలుగు సార్లు.

"ఏది కష్టం బావా ఇండ్ల?" అన్నాను.

"మోటారు కష్టం కాదు. ఒకప్పుడు అదే పెద్ద తలనొప్పి, ఇప్పుడు ఆన్‌లైన్లో బుక్ చేస్తే చిన్న బోర్డుతో సహా ఇంటికొస్తుంది. వెలుతురు ఆపే రెక్క కష్టం కాదు. బాడీ కష్టం కాదు, అల్యూమినియం దిమ్మ ఇస్తే హైదరాబాదు బాలానగర్‌లో కంప్యూటర్ మెషిన్ మీద చెక్కి ఇస్తారు. కష్టమంతా ఇక్కడ," అని ఫిల్ము నడిచే సన్నని దారి మీద, ఆ పిన్ను మీద వేలు పెట్టాడు. "ఇది నిలబెట్టాలి. ఇక్కడ వెంట్రుకంత వదులుంటే, హాల్లో తెర మీద రెండు వేళ్ల మందం ఎగురుతుంది బొమ్మ."

"ఇంతేనా! నేను చేస్త" అన్నాను. నోటి దురద అంటే ఇదే.

ఏడాదికి పైనే పట్టింది. ఆ అమ్మాయి సూర్యాపేట నుంచి ఆదివారాలు వచ్చేది. మోటారు, బోర్డు ఆ పిల్లే తెప్పించి తిప్పింది, లెన్సు తనదే ఇచ్చింది. ఒకటే షరతు పెట్టింది: "బొమ్మ కదలకుండా వస్తదని టెస్ట్ చేసి చూపించండి అంకుల్. నా సినిమా దీంతోనే తీస్తా." నేను మిల్లు పనులు పొద్దున చేసి, మధ్యాహ్నం తర్వాత కెమెరా పని పట్టుకునేవాణ్ని. మిల్లు ఓనర్లు నన్ను తిట్టని తిట్టు లేదు. "ఏంది, హీరోవైతున్నవా?" అని ఒకాయన వెటకారం చేశాడు. "నీ ఎలివేటర్ బెల్టు కన్న అందంగనే ఉంట" అన్నాను.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వచ్చాను.

మా పనిలో ఒక కాయిదా ఉంది. నాకు పని నేర్పిన ఉస్తాద్ మొదటి నెలలోనే నా నెత్తి మీద మొట్టి నేర్పాడు: "తవుడుకు జాగా ఇడిచిపెట్టు." మిల్లులో గాలి నిండా తవుడు, ఊక దుమ్ము. షాఫ్టును అది తిరిగే గొట్టంలో, అంటే బుష్‌లో, సరిగ్గా, బిగువుగా కూర్చోబెట్టావనుకో, మొదటి రోజు అద్భుతంగా తిరుగుతుంది. మూడో రోజుకు తవుడు దూరి, నూనెతో కలిసి ముద్దై పట్టేస్తుంది. అందుకే కొలత కన్నా కొద్దిగా వదులు పెట్టాలి. ఎవరూ కాగితం మీద రాసివ్వరు. మిర్యాలగూడలో లేత్ పట్టిన ప్రతివాడికీ చేతిలోనే ఉంటుంది అది. మంచి మిస్త్రీ అంటే ఆ వదులు ఎంతో తెలిసినవాడే.

బావ పిన్ను కొలత కాగితం మీద రాసిచ్చాడు. వణుకుతున్న చేత్తోనే, అంకెలు పెద్దవిగా రాశాడు. నేను లేత్ మీద ఆ కొలత దాకా వచ్చాను. వచ్చి ఆగాలి కదా? ఆగలేదు. ఇంత బిగువైతే రేపు దుమ్ము పడితే ఏమైతది, పట్టేసి ఫిల్ము చినిగితే ఎట్ల, ఉన్నదే ఒక్క డబ్బా కదా అనుకున్నాను. పిన్నును మైక్రోమీటర్ మీద ఐదు గీతలు ఎక్కువ కోసి సన్నం చేశాను. ఫిల్ము దారిని ఇంకొంచెం వెడల్పు చేశాను. బావకు చెప్పలేదు. చెప్తే కేకలేస్తాడు, చెప్పకపోతే కెమెరా హాయిగా తిరుగుతుంది అనుకున్నాను. పైగా ఆయన మంచికే చేస్తున్నానని నాకు గట్టి నమ్మకం. బాగా తెలిసినవాడు చేసే తప్పు తెలియనివాడు చేయలేడు.

కెమెరా హాయిగానే తిరిగింది. కోదాడలో, వాళ్ల ముందు గదిలో, పొద్దున పదింటికి మొదటిసారి నడిపాం. బావ డబ్బాలో సగం ఫిల్ము వెలుతురు దూరని నల్ల సంచిలో చేతులు పెట్టి, చూడకుండానే వేళ్లతో కత్తిరించి ఎక్కించాడు. అక్క పట్టుచీర కట్టుకుని కిటికీ ముందు కుర్చీలో కూర్చుంది. ఆధార్ కార్డుకు ఫొటో దిగుతున్నట్టు కూర్చుంది, రెప్ప కూడా కొట్టకుండా. "కొంచెం కదులు" అని బావ అంటాడు. "కదిలితే కరాబైతది" అని అక్క పళ్ల సందున అంటుంది. ముప్పై రెండేళ్లు కెమెరాలు తుడిచిన బావ మొదటిసారి కన్ను పెట్టి బటన్ నొక్కాడు. టకటకటక మని ఇల్లంతా మోత. రెండు నిమిషాలు దాటాక ఆగింది. బావ నుదుటి చెమట తుడుచుకుని, అక్క వంక చూడకుండా లోపలికి పోయి మంచినీళ్లు తాగాడు.

ఆ అమ్మాయి ఫిల్మును కడిగించడానికి బొంబాయిలో ఒక ల్యాబుకు పంపింది. మూడు వారాలకు లింకు వచ్చింది. అక్క ఇంట్లో టీవీకి ఫోను కలిపి చూశాం.

అక్క కదల్లేదు. కానీ గోడ కదిలింది, కిటికీ కదిలింది, కుర్చీతో సహా అక్క మొహం చిటచిటా ఎగురుతూనే ఉంది. చివ్వెంల పోయే ఆటోలో వెనక సీట్లో కూర్చున్నట్టుంది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పాత ఫిల్ము కదా, ముడుచుకపోయి ఉంటది" అన్నాను నేను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

బావ మిగిలిన ఫిల్ము చివర ముక్క కత్తిరించి కొలిచి చూశాడు. ముడుచుకోలేదు, బాగానే ఉంది. ఆయన చాలాసేపు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "ముక్కలన్నీ అమర్చింది నేనే కదా. నా చెయ్యే పోయింది. నాకు తెలియకుండానే పోయింది," అన్నాడు. లేచి కెమెరాకు తువ్వాలు చుట్టి బీరువా మీద పెట్టాడు. "ఇక వద్దమ్మా, నీ సినిమా నువ్వు వేరేగా తీసుకో" అని ఆ పిల్లతో అన్నాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఛీ, ఏం మనిషిని!

నాలుగు రోజులు షాపులో ఏ పని ముట్టుకున్నా ఆ చెయ్యే కనిపించింది. ఐదో రోజు పొద్దున హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కాను. మేళ్లచెరువు సిమెంటు లారీలు అడ్డం పడి బస్సు నత్తలా నడుస్తుంటే, ఒక పక్క తొందరగా చేరాలనీ, ఇంకో పక్క అసలు చేరకూడదనీ ఉంది నాకు.

అక్క పాలకూర తరుగుతోంది. బావ పేపరు ముందు పెట్టుకుని చదవకుండా కూర్చున్నాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"బావా, నీ చేతికేం కాలె. పిన్ను నేనే సన్నం చేసిన. నువ్వు రాసిచ్చిన దాని కన్న ఐదు గీతలు. దారి గూడ వెడల్పు చేసిన. దుమ్ము పడితే పట్టేస్తదని, తవుడుకు జాగా ఇడిచిన."

"తవుడా!" అంది అక్క. కత్తిపీట పక్కకు తోసి లేచింది. "నీ తవుడు మీద మన్ను పడ! కెమెరల తవుడు ఏడికెల్లి వస్తదిరా? మేమేమన్న దాంట్ల వడ్లు పడుతున్నమా? నాలుగు దినాల నుంచి ఈ మనిషి ముద్ద మింగుతలేడు, నీకు తెలుసా?" ఇంకా చాలా అంది. తమ్ముణ్ని కాబట్టి అన్నీ పడ్డాను. పడాల్సిందే.

బావ పేపరు పక్కన పెట్టాడు. నా వైపు చూస్తూనే ఉన్నాడు. మెల్లగా మొహం విచ్చుకుంది. "అంటే, నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అన్నాడు. "నేను బాగానే అమర్చానన్నమాట!" చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కొంచెం ధైర్యం తెచ్చుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను కూర్చోగానే ఆయనకు కోపం వచ్చింది. అప్పుడు మొదలుపెట్టాడు. కోదాడలో అంత వరకు ఎవరూ వాడని తిట్లు కూడా వాడాడు. చివరికి అక్కే, "ఇగ సాలు తియ్, వాడు గూడ మనిషే" అని అడ్డం వచ్చి ఇద్దరికీ టీ ఇచ్చింది.

తర్వాతి వారం బావ మిర్యాలగూడ వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. ముందు నా చేత షాపు కడిగించాడు. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి నా షాపు నేల రంగు ఏమిటో తెలిసింది. వాకిలికి తడి దుప్పటి కట్టించాడు. "మీ మిల్లులో దుమ్ము రాక తప్పదు కాబట్టి దానికి చోటిస్తావు. ఇక్కడ దుమ్మునే రానివ్వం. అర్థమైందా?" అన్నాడు. అయింది. కానీ చేతికి అర్థం కావడానికి మూడు పిన్నులు పాడయ్యాయి. ఒకటి కాల్చి గట్టిపరిస్తే వంకర పోయింది, రెండు నా పాత అలవాటుకు బలయ్యాయి. కొలత దగ్గరికి వచ్చేసరికి బావ నా భుజం మీద చెయ్యి వేసేవాడు, ఆగమని. నాలుగోది సరిగ్గా వచ్చింది. కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఫిల్ము ముక్క చిల్లులోకి ఆ పిన్నును దూర్చి చూశాడు. "ఇదీ" అన్నాడు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇంకో చిక్కు. మిగిలింది సగం ఫిల్మే. కొత్తది తెప్పించాలంటే బయటి దేశం నుంచి రావాలి. ఆ అమ్మాయి దగ్గర ఉన్నది ఆమె సినిమాకే చాలీచాలనట్టుంది. కెమెరా నిలకడగా ఉందని రుజువు చేయాలంటే దానికో పద్ధతి ఉంది. కదలని వస్తువును ఒకసారి తీయాలి, ఫిల్మును వెనక్కి చుట్టి, దాని మీదే నల్ల అట్ట మీద గీసిన తెల్లని అడ్డగీత, నిలువుగీత తీయాలి. రెండూ ఒకదానికొకటి కదలకుండా ఉంటేనే కెమెరా పాసు. అక్కను తీస్తే టెస్టు లేదు, టెస్టు చేస్తే అక్క లేదు.

"టెస్టే చెయ్యండి. ఆ పిల్ల సినిమా ఆగొద్దు. నన్ను తీసినా ఒకటే, తీయకున్నా ఒకటే" అంది అక్క. అన్నాక పెరట్లోకి పోయి ఉతికిన బట్టలే మళ్లీ ఉతికింది. నాకు ఒళ్లు మండింది. "బావా, నలభై ఏండ్ల మాట అది!" అన్నాను.

బావ అట్ట మీద గీత గీస్తూ, తల ఎత్తకుండా అన్నాడు: "మొదటిసారి తీయాల్సింది కిటికీ ఊచల్ని. ఊచలు కదలవు కాబట్టి. కిటికీ ముందు ఎవరైనా కూర్చున్నా టెస్టుకేం నష్టం లేదు."

అక్క గుమ్మంలో నిలబడి వింది. "ఎవరన్న అంటే ఎవరు?"

"ఎవరైనా. ఖాళీగా ఉన్నవాళ్లు."

"నేనేం ఖాళీగ లేను. చిక్కుడుకాయలు వలవాలె," అంది. చాట తెచ్చుకుని కిటికీ ముందే కూర్చుంది. ఈసారి పట్టుచీర లేదు, మామూలు నేత చీర. బావ బటన్ నొక్కాడు. కెమెరా టకటకలాడింది. అక్క కాయలు వలుస్తోంది, ఏదో అంటోంది, ఆ మోతలో మాకెవరికీ వినపడలేదు. ఫిల్ము అయిపోయాక బావ దాన్ని సంచిలో వెనక్కి చుట్టి, మొదట పెన్సిలుతో పెట్టుకున్న గుర్తు దగ్గరే మళ్లీ ఎక్కించి, రెండోసారి నల్ల అట్ట మీది గీతల్ని తీశాడు.

మళ్లీ మూడు వారాలు. నేను మొక్కని దేవుడు లేడు. మా షాపు పక్క సైకిల్ షాపాయన చర్చికి పోతుంటే ఆయనతో కూడా ప్రార్థన చేయించాను, ఎందుకైనా మంచిదని.

లింకు వచ్చిన రోజు నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. పాత ఫిల్ము కాబట్టి బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలున్నాయి, రంగులు వెలిసి ఉన్నాయి. కానీ నిలబడింది! కిటికీ ఊచలు, వాటి మీద తెల్లని గీతలు గోడకు మేకు కొట్టినట్టు నిలబడ్డాయి. మొత్తం బొమ్మలో కదిలేది మా అక్క ఒక్కతే. కాయ వలిచింది, ఈగను తోలింది, తల ఎత్తింది, ఏదో అంది, నవ్వింది.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. "అంకుల్, పాస్! నా సినిమా దీంతోనే. మా క్లాస్‌మేట్స్ గూడ అడుగుతున్నరు. ఇంకో నాలుగైదు చేస్తరా?"

నేను బావ వైపు చూశాను. ఆయన టీవీకి అతుక్కుపోయి ఉన్నాడు. నాకు తోచిందే చెప్పాను. "ఒకటి చేయొచ్చని తెలిసింది బిడ్డా. ఇంకోటి గూడ చేస్త, మీ అంకుల్ పక్కన కూసుంటే. కానీ ఫ్యాక్టరీ పెట్టి వందలు చెయ్యాలంటే మాత్రం కాదు. ముక్కలన్నీ మెషిన్లు చేస్తయి. ఎక్కడ ఆగాల్నో ఎవరన్న ఒకరు పక్కన నిలబడి చెప్పాలె కదా. అట్ల చెప్పేటోళ్లు ఇప్పుడు ఎందరున్నరు?" ఇది నిజమే. ఈ రోజు దాకా ఎవరు అడిగినా నా జవాబు అదే. ఫిల్ము ఎన్నాళ్లు దొరుకుతుందో, కడిగే ల్యాబు ఎన్నాళ్లుంటుందో కూడా నాకు తెలియదు. కాని కొత్త కెమెరా చేయలేరు అని ఎవరన్నా అంటే మాత్రం నాకు కోపం వస్తుంది.

అప్పుడు అక్క విసుక్కుంది. "ఏందయ్యా, గా గీతలే సూస్తున్నవ్! నేను కనపడుతలేనా?"

నిజంగానే బావ గీతల్నే చూస్తున్నాడు. మెకానిక్ కన్ను ఎక్కడికి పోతుంది? ఆ మాటకు ఉలిక్కిపడి, మొదటిసారి అక్క బొమ్మ వైపు చూశాడు. అక్క పెదాలు కదులుతున్నాయి, మాట లేదు.

"ఇక్కడ ఏదో అంటున్నావు నువ్వు. మోతలో వినపడలేదు నాకు. ఏమన్నావు?"

"ఏమంటరు, ఏదో అన్న."

"చెప్పు."

అక్క టీవీ వైపు చూస్తూ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది: "'నీ చెయ్యి వణుకుతలేదయ్యా' అన్న. నువ్వు దాంట్ల కన్ను పెట్టినంతసేపు వణకలే. నేను సూస్తనే ఉన్న."

బావ తన కుడి చేతిని చూసుకున్నాడు. ఒళ్లో పెట్టుకున్న ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది, మామూలు కంటే ఎక్కువగానే. అక్క దాని మీద తన చెయ్యి వేసి ఊరుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి ముందు అరవై ఏళ్ల మనిషి ఏడిస్తే బాగుండదని కూడా అనిపించలేదు.

బావ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "మొదటి నుంచి ఇంకోసారి వెయ్యమ్మా" అన్నాడు. ఈసారి ఆయన గీతల వైపు చూడలేదు.